ఫ్లాంజి మీద మూడు చుక్కలు

నల్లగొండలో మనం చదివిన ఐటీఐ వర్క్‌షాపు తలుపుకు ఎడమ పక్కన నాలుగు స్టాండ్ల మీద ఎత్తిపెట్టిన పాత అంబాసిడర్ ఒకటి ఉండేది. అద్దాలు లేవు, సీట్లు లేవు, బానెట్ ఏమైందో ఎవరికీ తెలియదు. మెకానిక్ మోటార్ వెహికల్ ట్రేడులో ఏ బ్యాచ్ వాళ్ళైనా ఆ కారు కింద వెల్లకిలా పడుకొని, కళ్ళలో మట్టి రాలుతుంటే గేరుబాక్సు నుంచి వెనక ఇరుసుకు తిరుగుడు అందించే ప్రొపెల్లర్ షాఫ్టు విప్పి బిగించిన వాళ్ళే. నేను 1988లో చేరాను. నల్లగొండ ఎండల సంగతి మీకు చెప్పక్కర్లేదు. ఏప్రిల్ నెలలో ఆ రేకుల షెడ్డులో కాస్త చల్లగా ఉండే చోటు కారు కిందే. అందుకే షాఫ్టు పని అంటే ఎగబడేవాళ్ళం. మాకు పని నేర్పే సార్ మాత్రం మాకు దాని మీద శ్రద్ధ ఎక్కువనుకునేవారు.

మొదటి రోజు నేను పానా పట్టుకొని కిందికి దూరి, షాఫ్టును ఇరుసుకు కలిపే గుండ్రటి బిళ్ళ, అదే వెనక ఫ్లాంజికి ఉన్న నాలుగు బోల్టుల్లో రెండు ఊడదీశాను. పక్కన సార్ చెప్పులు కనిపించాయి.

"గుర్తు పెట్టినవారా?"

"ఇప్పినంక పెడత సార్."

"ఇప్పినంక పెడితే ఏం ఫాయిదా? బిగియ్యి మళ్ళ."

బిగించాను. ఇనుము మీద చుక్క కొట్టే డాట్ పంచ్, చిన్న సుత్తె చేతికిచ్చారు. షాఫ్టు ఫ్లాంజి అంచు మీద ఒక చుక్క, దానికి సరిగ్గా ఎదురుగా వెనక ఇరుసు హౌసింగు వైపు ఫ్లాంజి మీద ఇంకో చుక్క కొట్టాలి. మళ్ళీ కలిపేటప్పుడు చుక్క ఎదుట చుక్క రావాలి. బోల్టు రంధ్రాలు నాలుగూ ఎటు తిప్పినా కలుస్తాయి కాబట్టి ఎలా బిగించినా కూర్చుంటుంది. కానీ ఆ రెండూ ఇన్నాళ్ళూ ఒక వరసలో కలిసి తిరిగాయి. తిప్పి బిగిస్తే బ్యాలెన్సు మారవచ్చు, స్పీడు అందుకున్నాక బండి వణకవచ్చు. ఇంత వివరం సార్ ఆ రోజు చెప్పలేదు. "అది ఎట్ల ఉండెనో అట్లనే పోవాలె" అన్నారు, అంతే.

ఆ ఫ్లాంజి మీద అప్పటికే మా ముందు బ్యాచ్‌లు కొట్టిన చుక్కలు బోలెడు. ఏది ఎవరిదో తెలియక, మాది తెలిసేట్టు త్రికోణంలో మూడు చుక్కలు కొట్టాం.

షాఫ్టు పని చూడటానికి తేలిక. గేరుబాక్సు కదలదు. వెనక ఇరుసు మాత్రం కమాను కట్టల మీద కూర్చొని గుంట వచ్చినప్పుడల్లా పైకీ కిందికీ ఊగుతుంది. ఊగినప్పుడు రెంటి మధ్య దూరమూ మారుతుంది, కోణమూ మారుతుంది. కోణానికి రెండు చివర్లా వంగుతూనే తిరిగే క్రాస్ జాయింట్లు, దూరానికి ఒకచోట జారే స్ప్లైన్ పళ్ళు. ఇందులో పెద్ద విద్యేముంది అనుకున్నాను. ఆ వారమే సార్ డ్రాయింగ్ క్లాసు నుంచి పెద్ద చెక్క ప్రొట్రాక్టర్ తెప్పించారు.

బెంచీ మీద ఒక పాత జీపు షాఫ్టు పెట్టారు. మొదట ఒక్క జాయింటే చూపించారు. దాన్ని 30 డిగ్రీలు వంచి మా ఇద్దరి చేతా పట్టించి, సుద్దముక్కతో గీతలు గీసి, ఈ చివర 45 డిగ్రీలు తిప్పారు. ఆ చివర 41 దగ్గరే ఆగింది. జాయింటు లూజుందేమో అనుకున్నాం. 90 తిప్పితే రెండూ సమానం. 135 తిప్పితే ఆ చివర 139కి పోయింది! 180కి మళ్ళీ సమానం. అంటే ఇటు ఒకే వేగంతో తిరుగుతున్నా, అటు ప్రతి చుట్టులో రెండుసార్లు వెనకబడి రెండుసార్లు ముందుకు ఉరుకుతోంది. బండిలో ఇంత వంపు ఉండదు. 10 డిగ్రీలే అనుకున్నా, ఇటు నిమిషానికి 1000 చుట్లు తిరిగితే అటు వేగం 985కీ 1015కీ మధ్య ఊగుతూనే ఉంటుంది.

"మరి బండి ఎందుకు కొట్టుకుంటలేదు సార్?" అని మాలో ఒకడు అడిగాడు. సార్ ఆ ప్రశ్న కోసమే చూస్తున్నట్టున్నారు. ఇప్పుడు రెండో జాయింటును కూడా అంతే కోణంలో వంచారు. షాఫ్టు గొట్టం రెండు చివర్లా జాయింటును పట్టుకునే రెండు ఫోర్కులు ఒకే వరసలో ఉన్నాయి. 45 తిప్పితే అవతల కరెక్టుగా 45. మొదటి జాయింటు చేసిన తప్పును రెండోది దిద్దింది. తర్వాత స్ప్లైన్ ఊడదీసి పావు చుట్టు తిప్పి పెట్టారు. ఫోర్కులు ఒకటి నిలువు, ఒకటి అడ్డం. 45 తిప్పితే అవతల 37 వచ్చింది. దిద్దాల్సింది కాస్తా తప్పును రెట్టింపు చేసింది.

దీన్నే హుక్స్ జాయింట్ అంటారనీ, స్ప్రింగు సూత్రం చెప్పిన రాబర్ట్ హుక్ పేరే దీనికీ ఉందనీ నోట్సు రాయించారు. పరీక్షలో రాశాను, మార్కులు పడ్డాయి. బుర్రలోకి ఎక్కిందని మాత్రం చెప్పలేను.

ఎక్కింది 1990లో. దేవరకొండ రోడ్డు వైపు ఒక షెడ్డులో చేరి నెల కూడా కాలేదు. ఉస్తాద్ ఊళ్ళో లేడు. ఒక టాక్సీ జీపు వచ్చింది. డ్రైవర్ మరుసటి తెల్లారి మనిషికింత అని మాట్లాడుకొని డిండి, మన్ననూరు మీదుగా శ్రీశైలం పోవాలి. క్లచ్ వదిలినప్పుడల్లా వెనక నుంచి 'టక్' మంటోంది. షాఫ్టు చేత్తో పట్టి అటూ ఇటూ తిప్పితే క్రాస్‌లో ఆట స్పష్టంగా తెలుస్తోంది. నేనే మార్చేస్తానన్నాను. సర్టిఫికెట్ చేతికొచ్చిన కొత్త, మరి!

క్రాస్ మార్చడం బాగానే చేశాను. అందులో ఓపిక కావాల్సిన చోటు ఒకటుంది. క్రాస్ నాలుగు కాళ్ళకూ తొడిగే చిన్న కప్పుల లోపల గోడ చుట్టూ సూది బేరింగులు గ్రీజులో నిలబడి ఉంటాయి. కప్పు వంకరగా దిగితే ఒక సూది పడిపోయి అడుగున అడ్డంగా పడుకుంటుంది. అప్పుడు కప్పు చివరిదాకా పోదు, దాన్ని ఊడకుండా ఆపే సర్‌క్లిప్ గాడిలో కూర్చోదు. చాలామంది అక్కడ సుత్తె ఎత్తుతారు. నేను ఎత్తలేదు. కప్పు బయటికి తీసి, సూదిని గ్రీజుతో మళ్ళీ నిలబెట్టి, క్రాస్ కాలును ఆ కప్పులోకి కాస్త దూర్చి పట్టుకొని వైస్‌లో మెల్లగా నొక్కాను. సర్‌క్లిప్‌లు నాలుగూ చప్పుడు చేస్తూ గాడిలో పడ్డాయి. జాయింటును చేత్తో అన్ని వైపులా వంచి చూశాను. ఎక్కడా పట్టలేదు. గ్రీజు నిపుల్ కూడా గన్ అందే వైపే పెట్టాను.

ఆ ఉత్సాహంలో, ఎలాగూ చేతిలో ఉంది కదా అని స్ప్లైన్ కూడా ఊడదీశాను. గ్యాసునూనెతో కడిగి, కొత్త గ్రీజు పూసి, పళ్ళు దొరికిన చోట దూర్చేశాను. ఊడదీసే ముందు గుర్తు పెట్టలేదు. కంపెనీ వాళ్ళు వేసిన బాణం గుర్తులు ఎక్కడున్నాయో చూడనూ లేదు.

డ్రైవర్ తెల్లారి మనుషులను ఎక్కించుకొని కొండమల్లేపల్లి దాకా పోయి వెనక్కి తిప్పుకొచ్చాడు. సీట్లలో ఉన్నవాళ్ళు నన్ను చూసిన చూపు ఇంకా మరిచిపోలేదు.

"ఏం జేసినవ్ తమ్మీ? యాభై దాటితే సీటు కింద తేనెటీగలున్నట్టు ఉన్నది."

కడుపులో ఒకటే టెన్షన్. అప్పటికి ఉస్తాద్ వచ్చాడు. ఒక్క మాట అనలేదు. నన్ను ఎక్కించుకొని పానగల్ చెరువు వైపు తీసుకుపోయి, అరవై మీద గేరు న్యూట్రల్ చేసి ఇంజన్ను నెమ్మదించనిచ్చాడు. వణుకు పోలేదు. "ఇంజన్ది గాదు, ఎనక దిక్కుది" అన్నాడు. షెడ్డుకొచ్చి కింద పడుకొని, వేలితో స్ప్లైన్ మీద గ్రీజు తుడిచి, "ఇటు చూడు" అన్నాడు. ఒక బాణం ఇక్కడ ఉంటే రెండోది మూడు పళ్ళ అవతల ఉంది. రెండు ఫోర్కుల వరస కూడా తప్పింది. మనసు పెట్టి చూస్తే కంటికే కనిపిస్తుంది. నేను గ్రీజు నీటుగా పూశానా లేదా అన్నదే చూసుకున్నాను.

ఊడదీసి బాణాలు కలిపి బిగించడానికి ముప్పావు గంట పట్టింది. నట్లు ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించాను. పాత స్ప్రింగ్ వాషర్లు పారేసి కొత్తవి వేశాను. శ్రీశైలం పోయేవాళ్ళు చెట్టు కింద టీ తాగుతూ ఎదురు చూశారు. ఆ టీ డబ్బులు నా జీతంలోంచే పోయాయి. ఉస్తాద్ చేసింది న్యాయమే అనుకుంటాను.

ఈ కాలం పిల్లలకు ఈ పని తక్కువ తగులుతుంది. చిన్న కార్లలో ఎక్కువ భాగానికి ముందు చక్రాలే లాగుతాయి, షాఫ్టే ఉండదు. బొలెరోలకు, ఓమ్నీలకు, టాటా ఏస్‌లకు ఉంది. గేరుబాక్సు తోకలోకి షాఫ్టు దూరి ఉండే బండైతే ఇంకో సంగతి: లాగగానే ఆయిలు మొహం మీద పడుతుంది. గుడ్డ పట్టుకొని దూరండి.

మొన్న ఐటీఐలో పాత విద్యార్థులం మనమంతా కలిసిన రోజు, భోజనాలయ్యాక మా బ్యాచ్ వాళ్ళం నలుగురం వర్క్‌షాపులోకి పోయాం. అంబాసిడర్ తయారీ ఆగిపోయింది 2014లో. మన అంబాసిడర్ మాత్రం ఇంకా స్టాండ్ల మీదే ఉంది. మోకాళ్ళ నొప్పులున్న వాళ్ళు వద్దన్నా వినకుండా, కొత్త బట్టలతోనే నేను కిందికి దూరి సెల్ ఫోన్ లైటు వేశాను. ఫ్లాంజి అంచు అంతా మశూచి వచ్చిన మొహంలా ఉంది, ఖాళీ అంగుళం లేదు. మా మూడు చుక్కలు ఇటు పక్క దొరికాయి. హౌసింగు వైపున్న జోడీ మూడు చుక్కలు మాత్రం పావు చుట్టు అవతల ఉన్నాయి.

మా తర్వాత ఏ బ్యాచ్ వాడో తిప్పి బిగించాడు. పానా తెమ్మని పైకి అరిచాను గానీ, స్టోరు తాళం వేసుంది.