ఎర్రగుంట్ల బండలు, గ్రాఫిక్స్ చిప్పులు

మా చిన్నాయనకు ఎర్రగుంట్ల దగ్గర నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీ ఉంది. సంక్రాంతికి వెళ్లినప్పుడు, కంప్యూటరులోకి గ్రాఫిక్స్ కార్డు కావాలని మా తమ్ముడు రెండు రోజులుగా పోరుతుంటే, చిన్నాయన నన్ను షెడ్డులోకి పిలిచి అడిగాడు: "ఆ కార్డులో అసలు సరుకు గోరంత బిళ్లేనంటివి కదరా. బిళ్ల నాలుగింతలైతే ధర కూడా నాలుగింతలు కావాల గానీ, అంతకు మించి ఎందుకు పోతాది?" జవాబు చెప్పబోయి, గోడకు ఆనించి ఉన్న బండలను చూసి ఆగిపోయాను. ఆ లెక్క ఆయన రోజూ వేసేదే.

బండను కోతకు పెట్టే ముందు పనివాడు దాని మీద నీళ్లు చల్లి కాసేపు చూస్తాడు. రాయంతా ఆరిపోయినా, కంటికి ఆనని పగులు ఉన్నచోట మాత్రం తడి గీత మిగిలి ఉంటుంది. అటువంటి గీత ఒక్కటీ లేకుండా ఆరడుగుల బండ దొరకడం అరుదు కనుక, అడుగు పలకలతో పోలిస్తే పెద్ద బండకు చదరపు అడుగు రేటే ఎక్కువ పలుకుతుంది. చిన్నాయన అన్న ఆ బిళ్ల, అంటే గ్రాఫిక్స్ చిప్పు, ధరకు మూలం కూడా ఇదే.

చిప్పులను 300 మిల్లీమీటర్ల వ్యాసం గల గుండ్రటి సిలికాన్ పలక మీద తయారు చేస్తారు. ఆ పలకను వేఫర్ అనీ, దాని నుంచి కోసి తీసిన ఒక్కొక్క ముక్కను డై అనీ అంటారు. తయారీలో ఎంత జాగ్రత్త పడినా వేఫర్ మీద అక్కడక్కడా సూక్ష్మమైన లోపాలు పడుతూనే ఉంటాయి. చదరపు సెంటీమీటరుకు సగటున 0.1 లోపం ఉందని అనుకుందాం. ఎన్విడియా కంపెనీ గ్రాఫిక్స్ కార్డు ఆర్‌టీఎక్స్ 4090లోని ఏడీ102 అనే డై వైశాల్యం సుమారు 608 చదరపు మిల్లీమీటర్లు. గుండ్రటి పలక అంచుల్లో పోయే తరుగు తీసేస్తే ఒక వేఫర్ మీద అటువంటివి సుమారు 90 పడతాయి. లోపాలు ఎక్కడ పడితే అక్కడ పడతాయన్న సాధారణ సూత్రం ప్రకారం వాటిలో ఏ మచ్చా లేనివి 54 శాతం, అంటే యాభైకి కాస్త తక్కువ. అదే కుటుంబంలో అన్నిటికన్నా చిన్నదైన ఏడీ107 వైశాల్యం సుమారు 159 చదరపు మిల్లీమీటర్లు. అవి వేఫర్‌కు 390 దాకా వస్తాయి, వాటిలో 85 శాతం, అంటే 330కి పైగా మచ్చలేనివే. వైశాల్యంలో తేడా నాలుగింతల లోపే అయినా, చేతికి వచ్చే నిఖార్సయిన సరుకులో తేడా దాదాపు ఏడింతలు. ఈ మాట చెప్పగానే చిన్నాయన, మన పెద్ద బండల కథే కదా అన్నట్టు తల ఊపాడు.

అయితే పోలిక ఇక్కడిదాకానే సాగుతుంది. రాతిలో పగులు ముందే ఉంటుంది కనుక దాన్ని తప్పించి గీత గీయవచ్చు, మరీ కాకపోతే ఆరడుగుల బండను మూడడుగుల బండలుగా మార్చుకోవచ్చు. చిప్పులో డై హద్దులు ముందే ఖాయమై ఉంటాయి, లోపం ఎక్కడ పడేదీ తరువాత తేలుతుంది. అందువల్ల నష్టాన్ని డిజైనర్లు ముందుగానే లెక్కలో పెట్టుకోవలసి వస్తుంది. గ్రాఫిక్స్ చిప్పుకు ఇక్కడొక సౌలభ్యం ఉంది. అది ఒకే రకమైన చిన్న చిన్న గణన విభాగాలను వరుసగా పేర్చిన నిర్మాణం కాబట్టి, వాటిలో కొన్నిటిని శాశ్వతంగా ఆపివేసినా మిగతా చిప్పు మామూలుగానే పనిచేస్తుంది. ఏడీ102లో అటువంటి విభాగాలు 144 ఉండగా 4090లో పనిచేసేవి 128 మాత్రమే. ఎన్విడియాదే మరో పెద్ద చిప్పు, 826 చదరపు మిల్లీమీటర్ల ఏ100లో 128కి గాను 108 మాత్రమే పనిచేస్తాయి. చిన్నదైన ఏడీ107ను మాత్రం ఆర్‌టీఎక్స్ 4060 కార్డులో 24 విభాగాలతో నిండుగా అమ్మారు. కొన్ని విభాగాలు ఆపేసిన చిప్పును అమ్మడం కొనేవాడిని మోసగించడమేనని కొందరు కోప్పడతారు గాని, నాకు ఆ వాదన నచ్చదు. ఆ వెసులుబాటే లేకపోతే అంత పెద్ద డైలలో దాదాపు సగం చెత్తబుట్టలో పడతాయి, వాటి ఖర్చు మిగతా సగాన్ని కొన్నవాళ్ల నెత్తినే పడుతుంది.

పెద్ద డైని నమ్ముకోవాలా, చిన్నదాన్నా అన్న తగువు పాతదే. 2008 జూన్‌లో ఎన్విడియా 576 చదరపు మిల్లీమీటర్ల డైతో జీటీఎక్స్ 280ని 649 డాలర్లకు విడుదల చేయగా, అదే నెలలో పోటీ కంపెనీ ఏఎండీ 256 చదరపు మిల్లీమీటర్ల డైతో రేడియాన్ హెచ్‌డీ 4870ని 299 డాలర్లకే తెచ్చింది. చిన్న చిప్పు వేగంలో పెద్దదాన్ని మించలేదు, కాని సగం కూడా లేని ధరకు దాని దరిదాపుల్లోకి వచ్చింది. కొద్ది వారాల్లోనే జీటీఎక్స్ 280 ధర 499 డాలర్లకు దిగివచ్చింది.

చిన్నదే మేలని దీన్నిబట్టి తేల్చేయడానికి మాత్రం వీల్లేదు. వైశాల్యంతో పాటు చుట్టుకొలత కూడా తగ్గుతుంది. బయటి మెమరీ చిప్పులతో మాట్లాడే సర్క్యూట్లు డై అంచుల్లోనే కూర్చోవాలి కనుక, చిన్న డైకి వెడల్పయిన మెమరీ దారి పెట్టడానికి చోటు చాలదు. 276 చదరపు మిల్లీమీటర్ల డై ఉన్న ఆర్‌టీఎక్స్ 3060కి 192 బిట్ల దారి ఉంటే, దాని తరువాత వచ్చిన 4060కి 128 బిట్లే. ఆ కొరత తీర్చడానికి చిప్పులోపలే ఉండే చిన్న మెమరీని, అంటే ఎల్2 క్యాషెను, 3 మెగాబైట్ల నుంచి 24కు పెంచారు. పేరులోని సంఖ్య పెద్దదైనంత మాత్రాన కార్డు అన్ని విధాలా పెద్దదై ఉండదని మా తమ్ముడికి నచ్చజెప్పడానికి ఒక సాయంత్రమంతా పట్టింది.

ఇక పైహద్దు సంగతి. వేఫర్ మీద నమూనాను ముద్రించే యంత్రం ఒక్కసారికి 26 మిల్లీమీటర్ల వెడల్పు, 33 మిల్లీమీటర్ల పొడవు, అంటే 858 చదరపు మిల్లీమీటర్లు మాత్రమే ముద్రించగలదు. 2017లో వచ్చిన ఎన్విడియా చిప్పు వోల్టా జీవీ100, 815 చదరపు మిల్లీమీటర్లతో అప్పుడే ఆ గోడ దాకా వెళ్లిపోయింది. అంతకు మించి కావాలంటే ముక్కలు అతకడమే దారి. 2022లో ఏఎండీ రేడియాన్ 7900 ఎక్స్‌టీఎక్స్ కోసం సుమారు 300 చదరపు మిల్లీమీటర్ల గణన డైని కొత్తదైన 5 నానోమీటర్ల తయారీ పద్ధతిలో చేసి, క్యాషెను, మెమరీ సర్క్యూట్లను ఒక్కొక్కటి 37 చదరపు మిల్లీమీటర్ల ఆరు ముక్కలుగా కాస్త పాతదైన 6 నానోమీటర్ల పద్ధతిలో చేసి పక్కన పేర్చింది. కొత్త పద్ధతికి మారినా అంతగా కుదించుకుపోని భాగాలకు ఖరీదైన వేఫర్ ఎందుకు తగలేయాలన్నది అందులోని లెక్క. 2024లో ప్రకటించిన బ్లాక్‌వెల్ అనే చిప్పులో ఎన్విడియా ముద్రణ హద్దుకు చేరిన రెండు డైలను సెకనుకు 10 టెరాబైట్ల లంకెతో కలిపి, 20,800 కోట్ల ట్రాన్సిస్టర్లున్న ఒకే చిప్పుగా పనిచేయించింది.

మరింత సన్నని గీతలు ముద్రించే హై ఎన్ఏ అనే కొత్తతరం యంత్రాల్లో ఈ హద్దు 26 మిల్లీమీటర్ల వెడల్పు, 16.5 మిల్లీమీటర్ల పొడవుకు, అంటే సగానికి తగ్గిపోతుంది కాబట్టి అతుకుల అవసరం ఇంకా పెరుగుతుంది. అది విని చిన్నాయన, వంటగట్టుకు రెండు బండలు కలిపితే ఎంత నున్నగా పాలిష్ పట్టినా కీలు దగ్గర వేలికి తగులుతుందనీ, వీటిలో ఆ కీలు ఎక్కడ తగులుతుందనీ అడిగాడు. కరెంటులో తగులుతుందని చెప్పాను. ఒకే డైలో ఒక మూల నుంచి మరో మూలకు వెళ్లే సమాచారం కన్నా, ముక్క నుంచి ముక్కకు దాటే సమాచారానికి ప్రతి బిట్టుకూ ఎక్కువ విద్యుత్తు ఖర్చవుతుంది, కొంత ఆలస్యమూ అవుతుంది. మా తమ్ముడికి చివరకు అతుకు లేని చిన్న డై కార్డే కొన్నాము.