చిత్తూరు, తిరుపతి, మధ్యలో ఒక అన్‌డూ

తిరుపతిలో మా చిన్నాయన నడిపే డీటీపీ దుకాణం కోసం నేను ఒక చిన్న టెక్స్ట్ ఎడిటర్ రాసిపెట్టాను. అర్జీలు, పెళ్లి పత్రికలు, చిరునామాల జాబితాలు అన్నీ అందులోనే తయారవుతాయి. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా వేరుపడినా పాత జాబితాలు ఇప్పటికీ 'చిత్తూరు జిల్లా' పేరుతోనే దుకాణానికి వస్తుంటాయి. అలాంటిదొకటి వచ్చినప్పుడు చిన్నాయన 'చిత్తూరు' అన్న చోటల్లా 'తిరుపతి' అని ఒకేసారి మార్పించాడు. రెండు వందలకు పైగా చోట్ల మారిపోయాక, పలమనేరు, కుప్పం చిత్తూరు జిల్లాలోనే ఉన్నాయి కదా అని గుర్తొచ్చి, చేసినదాన్ని వెనక్కి తిప్పే అన్‌డూ కోసం కంట్రోల్ జెడ్ నొక్కాడు. జాబితాలోని చివరి ఊరు ఒక్కటే వెనక్కి వచ్చింది.

"ఒకతూరి నొక్కితే ఒక ఊరే మారతా ఉండాది. ఇన్నూరు తూర్లు నొక్కేదా అబ్బోడా?" అని ఫోనులో అడిగాడు.

తప్పు నాదే. ప్రతి మార్పునూ అన్‌డూ చరిత్రలో విడివిడిగా రాసుకున్నాను. వాడేవారి దృష్టిలో ఒకే పని అయినదాన్ని ఎడిటర్ రెండు వందల పనులుగా గుర్తుంచుకుంది. అందుకని మార్పులు మొదలయ్యే ముందు ఒక గుంపును తెరిచి, పూర్తయ్యాక మూసివేసి, ఆ గుంపు మొత్తాన్ని ఒకే మెట్టుగా చరిత్రలో చేర్చే ఏర్పాటు చేశాను. ఒక సాయంత్రంలో అయిపోయే పని అనుకున్నాను గానీ కాలేదు.

మొదటి చిక్కు వరుసలో వచ్చింది. గుంపులోని మార్పులను చేసిన క్రమంలోనే వెనక్కి తిప్పాను. 'చిత్తూరు' యూనికోడ్‌లో (అక్షరాలను కంప్యూటరు సంకేతాలుగా రాసుకునే పద్ధతి) ఎనిమిది సంకేతాలు: చ, గుడి, త, పొల్లు, త, కొమ్ముదీర్ఘం, ర, కొమ్ము. 'తిరుపతి' ఏడే. అంటే ఒక్కో మార్పుకు పాఠం ఒక సంకేతం చొప్పున కుదించుకుపోతుంది, రెండో మార్పు స్థానాన్ని ఆ కుదింపు జరిగాకే రాసుకున్నాం. మొదటిదాన్ని ముందుగా వెనక్కి తిప్పితే పాఠం మళ్లీ ఒక సంకేతం పెరుగుతుంది కాబట్టి, రెండోదానికి రాసుకున్న స్థానం అసలు చోటు కన్నా ఒక సంకేతం ముందే పడుతుంది. తెర మీద నాకు కనబడినది ఇది: 'పలమనేరు,చిత్తూరుి జిల్లా'. కామా తరువాతి ఖాళీ మాయమై, 'తిరుపతి'లోని చివరి గుడి ఒంటరిగా మిగిలి 'రు' పక్కన చేరింది. మూడో ఊరు రెండు సంకేతాలు తప్పింది, ఆ తరువాతవి చదవడానికే పనికిరాలేదు. గుంపును చివరి నుంచి మొదటికి తిప్పాలి, వెనక్కి తిప్పినదాన్ని మళ్లీ జరిపే రీడూను మాత్రం మొదటి నుంచి చివరికి నడపాలి. ఇది పాఠ్యపుస్తకంలో ఉండే సంగతే. అయినా చేత్తో చెడగొట్టుకుంటే తప్ప నాకు ఒంటబట్టలేదు.

అప్పటి నుంచి ప్రతి నమోదులో పాత పాఠాన్నీ కొత్త పాఠాన్నీ రెండింటినీ ఉంచుతున్నాను. వెనక్కి తిప్పే ముందు, రాసుకున్న స్థానంలో ఆ కొత్త పాఠమే ఉందో లేదో ఎడిటర్ సరిచూస్తుంది. లేకపోతే ఏమీ మార్చకుండా ఆగిపోతుంది. తప్పుగా తిప్పడం కన్నా తిప్పలేనని చెప్పడమే మేలని నా అభిప్రాయం. స్థానాల లెక్క కూడా అంతటా ఒకే కొలతలో ఉండాలి. యూనికోడ్ సంకేతాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతం మూడు బైట్లు పడుతుంది కనుక, ఒకచోట బైట్లూ మరొకచోట సంకేతాలూ లెక్కపెడితే ఇంగ్లీషు పాఠంలో బయటపడని తప్పు తెలుగులో మొదటి పదం దగ్గరే బయటపడుతుంది.

రెండో చిక్కు ఇంకా పెద్దది. ఒక్కో మార్పుకూ అనుమతి అడిగే పెట్టెను చిన్నాయన మధ్యలో మూసేశాడు. నా కోడు అక్కడి నుంచే బయటికి వెళ్లిపోయింది, గుంపును మూసే వరుస దాకా చేరనే లేదు. తెరిచి ఉన్న ఆ గుంపులోకి ఆ తరువాత ఆయన గంటసేపు టైపు చేసిన అర్జీ అంతా చేరిపోయింది. ఒక అక్షరం తప్పు పడిందని కంట్రోల్ జెడ్ నొక్కగానే అర్జీ మొత్తం తుడిచిపెట్టుకుపోయింది. రీడూ నొక్కితే తిరిగి వచ్చేదే. కంగారులో ఆయన ఖాళీ పేజీలో ఒక మాట కొట్టేశాడు, కొత్త మార్పు పడగానే రీడూ జాబితా ఖాళీ అయింది. ఆ రోజు అర్జీని మళ్లీ కూర్చుని కొట్టింది నేనే.

ఇప్పుడు గుంపును తెరిచే చోటే, పని సజావుగా ముగిసినా, మధ్యలో తెగినా, లోపం వచ్చినా మూసివేత జరిగి తీరేలా రాశాను. గుంపులో గుంపు పడే సందర్భం కూడా ఉంది. అన్నిచోట్లా మార్చే పని తన లోపల ఖాళీలు సర్దే పనిని పిలుస్తుంది, దానికీ సొంత గుంపు ఉంటుంది. తెరిచి ఉందా లేదా అన్న ఒక్క గుర్తుతో సరిపెడితే లోపలిది మూసుకోగానే బయటిదీ మూసుకుపోతుంది. కాబట్టి ఎన్ని తెరిచామో లెక్కపెట్టుకుని, లెక్క సున్నాకు వచ్చినప్పుడే చరిత్రలో మెట్టు వేయాలి. గుంపులో ఏ మార్పూ జరగకపోతే మెట్టే వేయకూడదు, లేకపోతే కంట్రోల్ జెడ్ నొక్కినా ఏమీ కదలదు.

మామూలు టైపింగును ఎక్కడ తెంపాలన్నది వేరే ప్రశ్న. ఈమాక్స్, కోడ్‌మిర్రర్, విమ్ పేరున్న ఎడిటర్లే. ఈమాక్స్ వరుసగా కొట్టిన అక్షరాలను ఇరవై దాకా ఒక మెట్టుగా కలుపుతుంది. కోడ్‌మిర్రర్ మామూలుగా 500 మిల్లీసెకన్ల విరామం వస్తే తెంపుతుంది. విమ్‌లో ఇన్సర్ట్ మోడ్‌లోకి, అంటే టైపు చేసే స్థితిలోకి, వెళ్లి బయటికి వచ్చేదాకా కొట్టినది సాధారణంగా ఒకే మెట్టు. గడియారాన్ని నమ్మే పద్ధతి తెలుగుకు సరిపడదని నాకు తోచింది. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టేటప్పుడు 'క' రాయడానికి మొదట 'క్' వస్తుంది, తరువాతి మీటతో పొల్లు చెరిగిపోతుంది. ఆ రెండు మీటల మధ్య చిన్నాయన కస్టమరుతో ఒక మాట మాట్లాడితే చాలు, అర సెకను దాటిపోతుంది, అన్‌డూ నొక్కితే 'క్' దగ్గర ఆగుతుంది. నేను విరామాన్ని పట్టించుకోకుండా, పదం ముగిసినప్పుడో కర్సరు వేరే చోటికి కదిలినప్పుడో మాత్రమే తెంపుతున్నాను.

ఒకటి మాత్రం చాలా రోజులు తేల్చుకోలేకపోయాను. అనుమతి పెట్టెను మధ్యలో మూసేస్తే అప్పటిదాకా జరిగిన మార్పులను రద్దు చేయాలా, ఉంచాలా? రద్దు చేయడమే శుభ్రమని నేను వాదించాను. చిన్నాయన ఒప్పుకోలేదు, శ్రీకాళహస్తి దాకా సరిచూసి కదా మూసింది, అది పోతే ఎట్లా అన్నాడు. ఆయన మాటే నిలబెట్టాను. జరిగినంత ఉంటుంది, అదంతా ఒకే మెట్టుగా ఉంటుంది, వద్దనుకుంటే ఒక్కసారి నొక్కితే పోతుంది.