ఫోన్‌లో కబుర్లు, గదిలో నడక: కోవిడ్ నెలల లాగ్

2020 ఏప్రిల్

మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్‌ను మహమ్మారి అని ప్రకటించింది. ఆ తర్వాత మాలాంటి పెద్ద వయసువాళ్ళకు అందరూ చెప్పిన మాట ఒక్కటే: గడప దాటకండి. సరే, దాటం. మరి కాళ్ళ సంగతి? 2007లో అచ్చయిన ఒక అధ్యయనంలో, సగటున 67 ఏళ్ళున్న ఆరోగ్యవంతుల్ని 10 రోజులు మంచానికే పరిమితం చేస్తే కాళ్ళలో సుమారు కిలో కండ తగ్గింది. ఇంట్లో ఉండటమంటే మంచం పట్టడం కాదు, నిజమే. అయినా సోఫాకీ మంచానికీ మధ్యే రోజంతా గడిచిపోతుంటే దానికీ దీనికీ ఎంత దూరమని?

అందుకని ఇంట్లోనే దారి చూసుకున్నాను. హాల్లో ఏ అడ్డమూ లేకుండా 6 మీటర్లు దొరికింది. పోయి వస్తే 12 మీటర్లు, అంటే కిలోమీటరుకు 83 సార్లు. ఈ లెక్క ముందుగా వేసుకోకపోవడమే మేలు, నడవకుండానే నీరసం వస్తుంది. అసలు ఇబ్బంది దూరంతో కాదు, మలుపులతో. చిన్న దారిలో నాలుగడుగులకోసారి వెనక్కి తిరగాలి. ఎప్పుడూ ఒకే పక్కకు తిరిగితే ఆ మోకాలు పట్టేస్తుంది, కొందరికి కళ్ళు కూడా తిరుగుతాయి. రెండు కుర్చీలు ఎడంగా పెట్టి వాటి చుట్టూ ఎనిమిది అంకెలా నడిస్తే ఒక మలుపు కుడికి, ఒకటి ఎడమకు వస్తుంది. మోకాలికి సుఖంగా ఉంటుంది, కుర్చీ వీపు చేతికి అందేంత దగ్గరలో ఉంటుంది.

కింద పరిచిన చిన్న పట్టాలు, నేల మీద పాకే ఛార్జర్ వైర్లు అన్నీ తీసేశాను. ఉత్త మేజోళ్ళతో నడవొద్దు, నున్నటి నేల మీద జారిపోతాయి. బయటికి వేసుకునే బూట్లలో ఒక జతను శుభ్రంగా కడిగి ఇంట్లోకే ఉంచేసుకున్నాను.

ఏప్రిల్ చివర

ఒంటరిగా గదిలో తిరగడం మహా విసుగు. నాకు కుదిరింది ఫోనే. చెల్లెలూ నేనూ ఒకే టైముకి ఫోన్ కలిపి, ఎవరింట్లో వాళ్ళం నడుస్తున్నాం. మాట్లాడుకుందామనే మొదలవుతుంది, నడక దాని వెంట వస్తుంది. "ఈ రోజు వద్దులే" అని నాకు నేను చెప్పుకోవడం తేలిక. అవతల ఒక మనిషి బూట్లు తొడుక్కుని ఎదురుచూస్తుంటే అంత తేలిక కాదు.

ఫోన్ చేత్తో పట్టుకుని నడవకూడదు. తూలితే పట్టుకోవడానికి రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. చొక్కా జేబులోనో, మెడలో వేలాడే చిన్న సంచిలోనో పెట్టి స్పీకర్ ఆన్ చేస్తే చాలు. వైరున్న ఇయర్‌ఫోన్లు కుర్చీ కోడుకు తగులుకుంటాయి, వద్దు. వినికిడి యంత్రం వాడేవాళ్ళు ఫోన్‌ను చెవికి ఆనిస్తే ఈలలాంటి చప్పుడు వస్తుంది. వాళ్ళకూ స్పీకరే నయం. యంత్రంలో బ్లూటూత్ ఉంటే ఫోన్‌కు నేరుగా కలుపుకోవచ్చు.

ఫోన్ వల్ల ఇంకో లాభం, వేగం తెలుస్తుంది. ఓ మోస్తరు వ్యాయామానికి డాక్టర్లు చెప్పే గుర్తు, మాట్లాడగలగాలి కానీ పాట పాడలేకపోవాలి. ఆ సంగతి నాకంటే ముందు చెల్లెలికే వినిపిస్తుంది. "అక్కా, ఊపిరి నాకు వినిపిస్తోంది, కాస్త మెల్లగా" అంటుంది. ఏ గడియారమూ ఇలా చెప్పదు.

మే

ఇక్కడ కాస్త ఆగి చెప్పాల్సిన సంగతి ఉంది. మాట్లాడుతూ నడవడం అందరికీ పనికిరాదు.

1997లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒక చిన్న అధ్యయనం వచ్చింది. సాయానికి మనుషులుండే వసతి గృహాల్లోని 58 మంది పెద్దవాళ్ళను నడిపిస్తూ మాటల్లోకి దింపారు. మాట్లాడటం కోసం నడక ఆపేసినవాళ్ళు 12 మంది. తర్వాతి ఆర్నెల్లలో ఆ 12 మందిలో 10 మంది కిందపడ్డారు. నడక మనకు ఆలోచన అక్కర్లేని పనిలా అనిపిస్తుంది కానీ, వయసు పెరిగేకొద్దీ అది మెదడు దగ్గర ఎక్కువ పని చేయించుకుంటుంది. అదే సమయంలో మాటా కావాలంటే ఏదో ఒకటి తగ్గాలి.

కాబట్టి ఫోన్ నడక మొదలుపెట్టేముందు ఇంట్లో ఎవరైనా పక్కనుండగా ఒకసారి చూసుకోండి. నడుస్తూ ఉండగా 100 నుంచి మూడేసి తగ్గిస్తూ పైకి చెప్పండి: 97, 94, 91. లెక్క తప్పితే ఫరవాలేదు, నాకూ 70ల్లోకి వచ్చేసరికి తప్పుతుంది. అడుగు తడబడినా, ఆగిపోయినా, గోడ వెతుక్కున్నా మాత్రం మీకు కబుర్లు కూర్చునే, నడక విడిగానే. మా పాత కొలీగ్ ఒకరికి అలాగే తేలింది. ఆయన ఇప్పుడు ముందు పది నిమిషాలు కుర్చీలో కూర్చుని నాతో మాట్లాడతారు, తర్వాత ఫోన్ పక్కన పెట్టి నడుస్తారు, మళ్ళీ వచ్చి "అయింది" అని చెప్తారు. ఎదురుచూసే మనిషి ఉన్నాడు కదా, అది చాలు.

నిజంగా కష్టమైన కబురు వస్తే నేనైనా కూర్చునే వింటాను. ఆ రోజుల్లో అలాంటి ఫోన్లకు కొదవ లేదు.

జూన్

నడక ఒక్కటే సరిపోదని కుర్చీ పరీక్షతో తెలిసింది. 30 సెకన్లలో కుర్చీలోంచి ఎన్నిసార్లు పూర్తిగా లేచి నిలబడగలరన్నది లెక్క. చేతుల్లేని, 43 సెంటీమీటర్ల ఎత్తున్న కుర్చీ కావాలి. దాన్ని గోడకు ఆనించి, రెండు చేతులూ గుండె మీద అడ్డంగా పెట్టుకుని లేవాలి. చేతుల సాయం తీసుకుంటే లెక్కలోకి రాదు. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ పట్టిక ప్రకారం 65–69 వయసులో మగవాళ్ళు 12, ఆడవాళ్ళు 11 కంటే తక్కువ చేస్తే సగటుకు కింద ఉన్నట్టు. 70–74లో మగవాళ్ళకు 12, ఆడవాళ్ళకు 10. ఇన్నాళ్ళూ రోజూ నడుస్తున్నా నేను గీతకు కిందే ఉన్నాను. నడకకు, కుర్చీలోంచి లేవడానికి కావలసిన బలం వేరు. తొడ కండరాలకు విడిగా పని చెప్పాలి.

రోజు విడిచి రోజు కుర్చీలోంచి మెల్లగా లేవడం, అంతకంటే మెల్లగా కూర్చోవడం మొదలుపెట్టాను. దభీమని కూలబడితే సగం ఫలితం పోతుంది, కిందికి దిగేటప్పుడే తొడలు గట్టిగా పనిచేస్తాయి. నిలబడగానే కళ్ళు తిరిగేవాళ్ళు, ముఖ్యంగా బీపీ మాత్రలు వేసుకునేవాళ్ళు, ముందు డాక్టర్‌ను అడగాలి.

నిలకడ కోసం వంటగట్టు పక్కన నిలబడి, ఒక పాదం మడమకు రెండో పాదం వేళ్ళు ఆనించి 10 సెకన్లు. ఇది నిలవకపోతే పడిపోయే ప్రమాదం ఎక్కువని అర్థం. ఈ సాధనలో ఫోన్ ఉండకూడదు, మోగినా తీయను.

జులై, ఆగస్టు

మరికొందరు చేరారు. ఫోన్ సరిపోక వీడియోకు మారాం. వాట్సాప్ గ్రూప్ కాల్‌లో అంతకుముందు నలుగురికే చోటు ఉండేది, ఏప్రిల్ చివర్లో ఎనిమిది మందికి పెంచారు. జూమ్‌లో ఇంకా ఎక్కువమంది పడతారు కానీ డబ్బు కట్టకపోతే ముగ్గురు, అంతకుమించి ఉన్న కాల్ అప్పట్లో 40 నిమిషాలకు ఆగిపోయేది. మాకు ఆ హద్దు మంచే చేసింది. అరగంట వ్యాయామం, మిగతాది కబుర్లు, టక్కున కాల్ పోతుంది. వీడ్కోళ్ళతో ఇంకో అరగంట సాగదీసే బాధ లేదు.

ఫోన్‌ను నడుము ఎత్తులో, మనిషికి రెండు మీటర్ల పైన దూరంలో పెడితే తల నుంచి పాదాల దాకా కనిపిస్తారు. కిటికీ వెనకాల ఉంటే మనిషి నల్లటి నీడలా కనిపిస్తారు, వెలుగు ఎదురుగా ఉండాలి. అందరూ కలిసి పైకి లెక్కపెట్టాలని చూడకండి. ఒక్కో గొంతూ ఒక్కో ఆలస్యంతో చేరుతుంది కాబట్టి ఒకరి 'మూడు' ఇంకొకరి 'అయిదు' మీద పడుతుంది. ఒక్కరే లెక్క చెప్పాలి, మిగతావాళ్ళు మ్యూట్. ఒకే గదిలో ఇద్దరు రెండు ఫోన్లలో చేరితే చెవులు చిల్లులు పడేలా కూత వస్తుంది. ఒక ఫోన్ చాలు, ఇద్దరూ దాని ముందే నిలబడాలి.

లెక్క చెప్పే బాధ్యత వంతులవారీగా తిప్పుతున్నాం. మాట్లాడటానికి మొహమాటపడేవాళ్ళకు ఇది బాగా పనిచేసింది. ఏదైనా చెప్పండి అంటే నోరు విప్పనివాళ్ళు, లెక్క చెప్పండి అంటే విప్పుతారు. తర్వాత వాళ్ళను ఆపడమే కష్టం.

నవంబర్

25న ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాయామం గురించి కొత్త మార్గదర్శకాలు ఇచ్చింది. వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ, 65 దాటినవాళ్ళకు అదనంగా వారంలో కనీసం 3 రోజులు నిలకడ, బలం కలిసిన సాధన. నాకు పనికొచ్చిన మార్పు ఇంకొకటి ఉంది. 2010 నాటి సూచనల్లో, ఒక్కో విడత కనీసం 10 నిమిషాలు సాగితేనే లెక్క. ఇప్పుడు ఆ షరతు తీసేశారు. అంటే అయిదు నిమిషాల ఫోన్ కూడా నడిస్తే లెక్కలోకే. అప్పటినుంచి కరెంటు బిల్లు గురించి వచ్చిన ఫోనైనా సరే, లేచి నిలబడే ఎత్తుతున్నాను.

అడుగుల లెక్క అడిగేవాళ్ళకు: 10,000 అన్నది 1965లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన ఒక అడుగుల మీటర్ పేరులోంచి పాకిన అంకె. 2019లో సగటున 72 ఏళ్ళున్న ఆడవాళ్ళ మీద జరిగిన అధ్యయనంలో, రోజుకు 2,700 అడుగులు వేసేవాళ్ళకంటే 4,400 వేసేవాళ్ళలో మరణాలు తక్కువ కనిపించాయి. 7,500 దగ్గర ఆ మేలు పెరగడం ఆగింది. గదిలో నెమ్మదిగా వేసే అడుగుల్ని ఫోన్ కొన్ని వదిలేస్తుంది కూడా. నేను నిమిషాలే రాసుకుంటున్నాను.

2021 మే – అక్టోబర్

మాలో ఒకరికి కోవిడ్ వచ్చి తగ్గింది. తిరిగి చేరిన వారమే ఉత్సాహంగా అందరితో సమానంగా చేశారు, తర్వాత రెండు రోజులు లేవలేకపోయారు. ఇలాంటివాళ్ళను "ఇంకొంచెం, ఇంకొంచెం" అని తోయకూడదు. శ్రమ తర్వాత ఒకటి రెండు రోజులకు నీరసం ముంచుకొస్తుంటే చేసేది తగ్గించాలి, డాక్టర్‌కు చెప్పాలి. ఛాతీలో నొప్పి, గుండె దడ ఉంటే అసలు మొదలుపెట్టకూడదు. ఆమె కొన్ని వారాలు కుర్చీలో కూర్చుని మా అందరికీ లెక్క చెప్పారు. అలా గుంపులోంచి జారిపోకుండా ఉండిపోయారు. అక్టోబర్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్ అనంతర స్థితికి నిర్వచనం ఇచ్చినప్పుడు మొదట రాసిన లక్షణం అలసటే.

డిసెంబర్

టీకాలు పడ్డాయి, బయట నడక మళ్ళీ మొదలైంది. వీధిలో ఫోన్ కబుర్లు పెట్టుకోను. బండ్ల చప్పుడు వినాలి, ఎగుడుదిగుడులు చూడాలి. పైగా పక్కన నడిచే మనిషి ఉన్నారు. అలాగని వీడియో గుంపును మూసెయ్యలేదు, బయటికి రాలేనివాళ్ళు ఇద్దరున్నారు. వారానికి మూడు రోజులు వాళ్ళ టైము ప్రకారమే.

కుర్చీ పరీక్షలో గీత దాటాను, పెద్ద తేడాతో కాదు. చెల్లెలు నాకంటే ముందుంది, రోజూ గుర్తు చేస్తుంది. మళ్ళీ పరీక్ష వచ్చే నెల మొదటి ఆదివారం, సెకన్లు చూసే వంతు నాది.