కందిచేనులో పోయిన బంతులు

అనంతపురంలో గోల్ఫ్ ఏంది అని మీరు అడగకముందే మా నాయన అడిగినాడు. "ఏమప్పా, గడ్డపార పట్టమంటే చేతులు నొప్పంటావ్, ఆ ఇనపకట్టెను మాత్రం పొద్దుగూకేదాకా ఇడువవే!"

ఈ పిచ్చి బెంగళూరులో అంటుకుంది. ఒక ఆదివారం ఆఫీసు స్నేహితుడు డ్రైవింగ్ రేంజ్‌కి, అంటే గోల్ఫ్ బంతులు కొట్టి సాధన చేసే చోటికి, పిలుచుకుపోయినాడు. నేను కొట్టిన వంద బంతుల్లో నాలుగో ఐదో గాల్లోకి లేచినాయి. ఆ నాలుగే రాత్రి నిద్ర పట్టనీయలేదు. ఆటకు క్లబ్బులు, అంటే బంతిని కొట్టే కట్టెలు, 14 దాకా పెట్టుకోవచ్చు. నేను కొన్నది ఒకటే, 7 ఐరన్ అనే ఇనపముఖం కట్టె, అదీ సెకండ్ హ్యాండ్. ఇంటినుంచే పని చేసుకోమన్నాక దాన్ని పట్టుకుని ఊరొచ్చేసినా. చెనక్కాయ పీకేసిన మా చేను ఖాళీగా పడి ఉంది.

నా జబ్బేమంటే బంతిని లేపాలని చూడడం. చిల్లాకట్టె ఆడిన చెయ్యి కదా, కిందనుంచి ఎగరేయాలనే చూస్తుంది. ఐరన్ ముఖం ముందే వాలుగా ఉంటుంది, లేపే పని అదే చూసుకుంటుంది. మనం ముందు బంతిని, తర్వాత నేలను తాకాలి. రేంజ్‌లో చాప మీద ఈ తప్పు తెలీదు. క్లబ్ ముందే చాపకు తగిలినా జారిపోయి బంతిని తోసేస్తుంది. ఎర్రనేలకు ఆ మొహమాటం లేదు. అమ్మ ముగ్గుపిండితో గీత గీసి, దాని మీద బంతి పెట్టి కొట్టేవాణ్ణి. గీతకు వెనకే మన్ను లేస్తే తప్పు, గీత దాటి లేస్తే ఒప్పు. మొదటి వారమంతా నోట్లో దుమ్మే. గరుసు రాళ్లకు క్లబ్ ముఖమంతా గీతలు పడినాయి. మూడో వారం ఒక సాయంత్రం చప్పుడే మారింది. చేతికి ఏదీ తగిలినట్టే లేదు. చూస్తే ముగ్గుకు అవతల అరచెయ్యంత గుంత.

బంతి కుడికి వంగిపోయే స్లైస్ మాత్రం పోలేదు. కుడిపక్క మామ కందిచేను, నడుమెత్తు ఉంది. 2019 నుంచి రూల్స్ ప్రకారం పోయిన బంతిని 3 నిమిషాలే వెతకాలి. కందిలో 3 గంటలు వెతికినా దొరకదు.

సంక్రాంతి దాటి కంది కోసినాక మామ సంచి పట్టుకుని వచ్చినాడు. "ఇత్తనాలు మంచివి కాదల్లుడూ, ఒక్కటీ మొలకెత్తలా."

లెక్కేస్తే 31 ఉన్నాయి. ఇంకోటి మనవడికి ఉంచుకున్నాడంట.