కాణిపాకం మలుపు దాకా

జీపు పక్కకు పడిపోయాక కూడా ఇంజన్ ఆగలేదు. పాత డీజిల్ బండి కదా, తాళం తిప్పితే ఆగే రకం కాదు, స్టాపర్ నాబు లాగాలి. ఆ నాబు ఎక్కడుందో నాకు తెలుసు, పొద్దుట్నుంచి నాలుగుసార్లు లాగాను కూడా. కానీ బెల్టుకు వేలాడుతూ వెతికితే ఏదీ ఉండాల్సిన చోట ఉండదు. చేతికి ముందు హారన్ తగిలింది, తర్వాత వైపర్ స్విచ్చి. నెర్రెలు విచ్చిన అద్దం మీద వైపర్లు కిర్రు కిర్రుమని ఆడుతుంటే రెండు క్షణాలు అట్లాగే చూస్తూ ఉండిపోయాను. నాబు దొరికి ఇంజన్ ఆగాక డీజిల్ వాసన గుప్పుమంది. పైనుంచి మా బావ కేక వినిపించింది.

"బామ్మర్దీ! ఉండావా?"

"ఉన్నా బావా. రాయి జారింది."

ఇంకా బెల్టు కూడా విప్పుకోలేదు, అబద్ధం మాత్రం నోట్లోంచి వచ్చేసింది.

సంక్రాంతి అయిన వారానికి తిరుపతి నుంచి బయల్దేరి అక్కావాళ్ల ఊరికి వెళ్లాను. చంద్రగిరి, దామలచెరువు, పూతలపట్టు, చిత్తూరు దాటి బంగారుపాళ్యం వైపు. దామలచెరువు మామిడి మండీలు జనవరిలో బోసిగా ఉంటాయి, జూన్‌లో అదే రోడ్డు మీద ట్రాక్టర్ల మధ్య గంట ఇరుక్కోవాలి. బావకు మొగిలి ఘాట్ వైపు కొండ కింద తోట ఉంది, ఎక్కువ తోతాపురి చెట్లే. 2025 వేసవిలో ధర ఎట్లా పడిపోయిందో ఈ జిల్లాలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. ప్రభుత్వం కిలోకు 4 రూపాయలు కలిపి ఇస్తామన్నా, కాయ దింపని ట్రాక్టర్లు గుజ్జు ఫ్యాక్టరీల ముందు రోజుల తరబడి నిలబడ్డాయి. ఆ ఏడాది బావకు మిగిలిందల్లా తోట, జీపు. ఆ జీపునే నేను పడేశాను.

జీపు మహీంద్రా ఎంఎం 540. 2,112 సీసీ ప్యూజో డీజిల్ ఇంజన్. బావ దాన్ని పాతికేళ్ల నుంచి వాడుతున్నాడు. పైకప్పు కింద ఇనప పైపులతో చట్రం కట్టించుకున్నాడు, సీటు బెల్టులు వేరే బండివి తెచ్చి బిగించాడు. "ఆ పైపులెందుకు బావా, బరువు తప్ప" అని నేనే ఒకసారి వెక్కిరించాను. ఇప్పుడా మాట తల్చుకుంటే మెడ దగ్గర చల్లగా ఉంటుంది.

తోట వెనక పట్టా భూమిలోనే పాత గ్రానైట్ క్వారీ ఒకటి ఉంది, పని ఆగి చాలా ఏళ్లయింది. అడవి హద్దు ఆ కొండకు అవతల మొదలవుతుంది, కాబట్టి ఇటు బండి తిప్పుకోవడానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. క్వారీ గుంతలో కార్తీకం వానల నీళ్లు పచ్చగా నిలిచి ఉన్నాయి, పైనుంచి చూస్తే మొగిలి దేవాలయం దాకా కనిపిస్తుంది. అక్కడికి పోవాలంటే ఒకప్పుడు లారీలు తిరిగిన దారే, కానీ వానలకు మధ్యలో మోకాలి లోతు కోసుకుపోయింది. చివరి వంద గజాలు మరీ నిటారు. బావ, తోటలో పనిచేసే కుర్రాడు బరువు తగ్గిద్దామని అక్కడ దిగి, పొదల అడ్డదారిలో ముందు నడిచారు. స్టీరింగ్ నా చేతిలో.

అసలు జరిగిందేమిటంటే, సగం ఎక్కాక బండి ఊపిరి తీసుకుంటున్నట్టు నీరసించింది. నేను ముందే పొట్టి లివర్ లాగి "ఫోర్ లో" గేరు, అంటే నాలుగు చక్రాలకూ నెమ్మదిగా, బలంగా తిరిగే గేరు, వేసుకోవాల్సింది. "దీనికెందుకులే" అనుకున్నాను. బండి ఆగింది. అట్లాంటప్పుడు చేయాల్సింది ఒక్కటే: బ్రేకు మీద నిలబెట్టి, రివర్స్ గేరు వేసి, క్లచ్ మీద కాలు తీసేసి, ఇంజన్ పట్టు మీద బండిని తిన్నగా వెనక్కి దింపడం. ఇది బావ నాకు పదిసార్లు చెప్పాడు. నేను క్లచ్ తొక్కాను. బండి వెనక్కి జారింది. భయపడి బ్రేకు గట్టిగా తొక్కితే నాలుగు చక్రాలూ బిగుసుకుని గులకరాళ్ల మీద స్లెడ్జి బండిలా జారాయి. అప్పుడు, అన్నిటికంటే తెలివితక్కువ పని, స్టీరింగ్ తిప్పాను. జీపు వాలుకు అడ్డం తిరిగింది. కుడి చక్రాలు ఎత్తులో, ఎడమ చక్రాలు పల్లంలో. పడటం చాలా నెమ్మదిగా జరిగింది, నిద్ర వస్తున్న ఏనుగు ఒరిగినట్టు. ఎడమ పక్క మీద పడి నాలుగడుగులు ఈడ్చుకుపోయి, క్వారీవాళ్లు వదిలేసిన ఒక బండకు పైపు చట్రం ఆనుకుని ఆగింది. ఆ బండ లేకపోతే కింద లోయ దాకా అడ్డేమీ లేదు.

నా కుడి భుజం పట్టేసింది, మోచేయి దోక్కుపోయింది. అంతే.

బావ వచ్చి ముందు నన్ను చూశాడు, తర్వాత బ్యాటరీ నెగటివ్ వైరు విప్పాడు, ఆ తర్వాతే బండిని చూశాడు. డీజిల్ ట్యాంకు మూత దగ్గర కారుతోంది. కుర్రాడు తన తువ్వాలు కుక్కి ఆపాడు. కుర్రాడి ఆలోచన తోటలోని ట్రాక్టర్ తెచ్చి తాడు కట్టి ఒక్క గుంజు గుంజుదామని. నాకూ అదే సరైందనిపించింది. బావ మాత్రం ఫోన్ తీసి బోరు మేస్త్రీని పిలిచాడు.

బోరు మేస్త్రీ అంటే బోరు వేసేవాడు కాదు, కాలిపోయిన మోటార్లు పైకి లాగేవాడు. మా వైపు బోర్లు వెయ్యి అడుగులకు పోతున్నాయి. అంత లోతు నుంచి పైపులు, కేబులు, మోటారు ఒక్కొక్క పైపూ విప్పుకుంటూ తీయాలి. చెయ్యి జారితే మొత్తం బోరులోకే. ఆ పనిలో ముప్పై ఏళ్లున్న మనిషి. అంతకుముందు ఇదే క్వారీలో సమ్మెట పట్టాడట. మధ్యాహ్నం రెండున్నరకు మోపెడ్ మీద మూడు టన్నుల చైన్ పుల్లీ, రెండు మోకులు, ఒక గడ్డపార, నాలుగు గోనెసంచులతో వచ్చాడు. ఇద్దరు మనుషులు వెనక నడిచి వచ్చారు.

వచ్చినవాడు జీపు దగ్గరికి పోలేదు. దారి మీద చక్రాల గుర్తులు చూసుకుంటూ కిందికి పోయి, మళ్లీ పైకి వచ్చాడు. నాలుగు చక్రాలూ బిగుసుకుని గీసిన గీతలు, ఆ గీతలు వంపు తిరిగిన చోటు, అన్నీ చూశాడు. నేను జారిందని చూపించిన రాయిని కాలితో తోశాడు. కదల్లేదు. నా మొహం చూశాడు గానీ ఏమీ అనలేదు.

"ట్రాక్టర్ ఒద్దు సార్" అన్నాడు బావతో. "అది గుంజితే బండి లేసి అట్లనే దొర్లి అవతలికి పోతుంది. లేపేదేముండాది, నలుగురు తోస్తే లేస్తుంది. లేసినాక యాడ నిలబడుతుందో, అది సూడాల."

అప్పటిదాకా నా బుర్రకు తట్టని సంగతి అది. జీపు వాలుకు అడ్డంగా పడి ఉంది. దాన్ని అక్కడే చక్రాల మీద నిలబెడితే మళ్లీ కుడి చక్రాలు ఎత్తులో, ఎడమవి పల్లంలో. అంటే పడ్డప్పుడు ఎట్లా ఉందో అట్లాగే. నిలబడీ నిలబడకముందే మళ్లీ ఒరుగుతుంది.

అందుకని ముందు చక్రాలకు చోటు కట్టారు. జీపు లేచాక కుడి చక్రాలు దిగే చోట గట్టును గడ్డపారతో తవ్వి, ఎడమ చక్రాల పక్కకు ఆ మట్టీ రాళ్లూ వేసి దిమ్మిసలా తొక్కారు. గంటన్నర పట్టింది. నేనూ ఎడమ చేత్తో రాళ్లు అందించాను. మట్టి కింద మొరం గట్టిగా ఉంది, గడ్డపార దిగినప్పుడల్లా ఠంగుమని మోగేది. మేస్త్రీ మధ్యమధ్యలో నేల మీద పడుకుని, ఒక కన్ను మూసి, తవ్విన చోటు సమంగా ఉందో లేదో చూసేవాడు. లెవెల్ చూసే యాప్ ఉందని నా ఫోన్ చూపిస్తే "బాగుండాది" అని తిరిగి ఇచ్చేశాడు.

తర్వాత మోకులు కట్టడానికి పట్టు కావాలి. పైన చెట్లు లేవు, సీతాఫలం పొదలు, నల్లరాతి పరుపు. మేస్త్రీ ఆ రాతి మీద తడుముకుంటూ పోయి, ఎండుటాకులు ఊది, ఒక చిల్లు చూపించాడు. క్వారీ రోజుల్లో రాయి చీల్చడానికి వరసగా డ్రిల్లు కొట్టిన చిల్లులు, బొటనవేలు పట్టేంత. వానకు పేరుకున్న మట్టిని పుల్లతో తోడి, అందులో ఇనప రాడ్డు దించి సమ్మెటతో కొట్టాడు. మూడో దెబ్బకు శబ్దం మారింది, టక్కుమని కాకుండా గణగణమని. "ఇంక ఇది రాదు" అన్నాడు. "ఈ చిల్లు ఎవురు కొట్టినారో ఏమో, నేనే కొట్టినానేమో."

మొదటి మోకు లేపడానికి కాదు. ఛాసీకి కట్టి ఆ రాడ్డుకే బిగించాడు, బండి ఇంకో అంగుళం కిందికి జారకుండా. రెండో రాడ్డుకు చైన్ పుల్లీ, దాని కొక్కెం కుడి పక్క ఛాసీకి. రెండో మోకును పైపు చట్రానికి కట్టి, పల్లంలో ఉన్న కానగ చెట్టుకు రెండు చుట్లు తిప్పి, చివర తన మనుషుల చేతికిచ్చాడు. బండి నిట్టనిలువు దాటాక ధబాలున పడకుండా వాళ్లు కొంచెం కొంచెంగా వదలాలి. చెట్టు బెరడు తెగకుండా కింద గోనెసంచి. ఇంకో రెండు సంచులు తడిపి బిగిసిన గొలుసు మీద వేశాడు. ఏదైనా తెగితే అది పాములా లేచి కొడుతుంది, బరువు ఉంటే అక్కడే కూలబడుతుంది. ఆ వరసలో నిలబడిన కుర్రాణ్ణి చెయ్యి పట్టి పక్కకు లాగాడు.

చైన్ పుల్లీ పనిచేస్తుంటే చూడటం ఓపికకు పరీక్ష. ఐదు బారల గొలుసు లాగితే బండి బెత్తెడు లేస్తుంది. టకటక టకటక అని పళ్ల చప్పుడు, గొలుసు జరజరా కిందికి, జీపు మాత్రం కదిలినట్టే ఉండదు. కానీ ఎక్కడ ఆపితే అక్కడ ఆగుతుంది. మేస్త్రీ రెండడుగులకు ఒకసారి ఆపి, ఎడమ చక్రాల కింద రాయి దూర్చి, మళ్లీ లాగించాడు. జీపు నిట్టనిలువుకు వచ్చి ఒక్క క్షణం అటా ఇటా అన్నట్టు నిలబడింది. "ఇడు... ఇడు... మెల్లింగా..." అన్నాడు కానగ చెట్టు దగ్గరివాళ్లతో. మోకు చెట్టును రాసుకుంటూ కమురు వాసన వచ్చింది. కుడి చక్రాలు మేం తవ్విన చోట, కోడి గుడ్ల మీద కూర్చున్నట్టు కూర్చున్నాయి.

అప్పుడే ఎవరో స్టార్ట్ చేయబోయారు. ఎవరో ఏమిటి, నేనే. బావ తాళం లాక్కున్నాడు. పక్క మీద ఇంతసేపు పడుకున్న ఇంజన్‌లో ఆయిల్ రింగులు దాటి సిలిండర్లలోకి చేరుతుంది. పిస్టన్ ఆయిల్‌ను నొక్కలేదు. బలవంతంగా తిప్పితే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. బావ బ్యాటరీ వైరు మళ్లీ తగిలించి, నాలుగు హీటర్ ప్లగ్గులూ విప్పి, ఆ చిల్లుల మీద పాత లుంగీ కప్పి, అప్పుడు సెల్ఫ్ కొట్టాడు. లుంగీ ఎగిరి పడింది. నల్లటి ఆయిల్ పిచికారీ కొట్టినట్టు లేచి బావ చొక్కా మీద, మేస్త్రీ మీసం మీద పడింది. అందరం నవ్వాం, ఆ రోజు మొదటిసారి. ప్లగ్గులు బిగించి, ఆయిల్ కొలిచి పోసి స్టార్ట్ చేస్తే ఐదు నిమిషాలు తెల్ల పొగ.

బ్రేకు పెడల్ మాత్రం నేలకు అంటుకుపోతోంది. పక్కకు పడ్డప్పుడు ఫ్లూయిడ్ కారిపోయి లోపల గాలి పట్టింది. టూల్ బాక్సులో అర డబ్బా ఉంటే పోసి, బావ కింద దూరి నట్టు వదులు చేస్తుంటే నేను పైన పెడల్ తొక్కాను. "తొక్కు", "పట్టుకో", "వదులు". ఆ రోజు నేను సరిగ్గా చేసిన పని అదొక్కటే.

అప్పటికి ఐదున్నర దాటింది. కొండ అవతల టపాకాయలు పేలాయి. పండగ మిగులు అనుకున్నాను. కాదు, ఏనుగులు. కౌండిన్య అభయారణ్యం ఆ వైపే, పొద్దు వాలితే గుంపులు చెరుకు, అరటి, మామిడి తోటల మీదికి దిగుతాయి. రైతులు టపాకాయలతోనే కాపలా కాస్తారు. మేస్త్రీ ఆ వైపు చెవి పెట్టి, "దూరమే, కానీ పోదాం" అని మోకులు చుట్టాడు. రాడ్డు నిజంగానే ఊడి రాలేదు, అక్కడే వదిలేశారు.

బావే దింపాడు. ఫోర్ లో, మొదటి గేరు, బ్రేకు తొక్కకుండా, మనిషి నడిచే వేగంతో. వెనక మోకు కట్టి మేం నలుగురం పట్టుకుని నడిచాం. అవసరం రాలేదు. కింద తోటలో దిగాక మేస్త్రీకి డబ్బులిస్తే సగమే తీసుకున్నాడు. "మోటారు లాగితే అంత, ఇది మోటారు కాదు కదా." ఆ లెక్క నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

అక్కకు బండి గీసుకుందని మాత్రమే చెప్పాం. అక్క లాంతరు లాంటి చార్జింగ్ లైటు పట్టుకుని జీపు చుట్టూ ఒకసారి తిరిగొచ్చి, ఇద్దరికీ ఒకే కంచంలో వడ్డించినట్టు ఒకే చూపు చూసింది. నా భుజానికి ఆముదం కాచి పట్టు వేసింది.

మర్నాడు బావ నా కారులోనే తిరుపతికి వచ్చాడు, అద్దం ఫ్రేము పాత సామాను షాపుల్లో దొరుకుతుందని. నా భుజం లేవట్లేదని తనే నడిపాడు. చిత్తూరు దాటి కాణిపాకం మలుపు దగ్గరికి వచ్చేసరికి ఇండికేటర్ వేసి కారు నెమ్మది చేశాడు. ఆ వినాయకుడి ముందు ప్రమాణం చేసి అబద్ధం చెప్పినవాడు బాగుపడడని మా జిల్లాలో పంచాయితీలు కూడా అక్కడికే పోతాయి.

"వరసిద్ధుడికి ఒక దండం పెట్టి పోదామా బామ్మర్దీ? దారిలోనే కదా."

రోడ్డు వైపే చూస్తున్నాడు. మొహంలో నవ్వు లేదు, ఉందేమో కూడా.

"నేరుగా పోనీ బావా" అన్నాను. "అద్దం, ఫ్రేము, పెయింటు, ఎంతైతే అంత నాదే."

"నేనేమన్నా అడిగినానా?" అని ఇండికేటర్ ఆపేశాడు.