వడనెమ్మేలిలో పాముల కుండలు

చెన్నై నుంచి ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్) మీద మహాబలిపురం వెళ్లేవాళ్లు చాలామంది దారిలో వడనెమ్మేలి దగ్గర మొసళ్ల పార్కు చూడ్డానికి ఆగుతారు. మేం ఆగింది మాత్రం అదే ఆవరణలో ఉన్న ఇరుల తెగవాళ్ల పాముల సొసైటీ కోసం. ఇరుల వాళ్లు తరతరాలుగా పాములు పట్టి బతికినవాళ్లు, ఒకప్పుడు చర్మాల కోసం వ్యాపారులకి అమ్మేవాళ్లు, 1972 వన్యప్రాణి చట్టం తర్వాత మెల్లగా ఆ దారి మూసుకుపోయింది. 1978లో పాముల నిపుణుడు రోములస్ విటేకర్ సాయంతో ఈ సహకార సంఘం పెట్టుకున్నారు, అప్పట్నుంచి పామును చంపకుండా విషం తీసి మళ్లీ వదిలేస్తున్నారు.

లోపల మట్టికుండలు, మూతులకి గుడ్డ కట్టేసి ఉంది. ఒకాయన కొక్కెం కర్రతో రక్తపింజరని బయటికి తీశాడు, అది బుస కొడితే ప్రెషర్ కుక్కర్ ఆవిరి వదిలినట్టే ఉంది, ముందు వరసలో ఉన్నవాళ్లం కూడా వెనక్కి జరిగాం. తల వెనక పట్టుకుని, పొర బిగించిన గాజుపాత్ర మీద కోరలు దింపించాడు, పసుపురంగు విషం గాజు గోడమీద జారింది. పాముకాటు ఇంజక్షన్ తయారీకి పునాది అదే. నాగుపాము, కట్లపాము, చిన్నపింజర నుంచి కూడా ఇలాగే తీస్తారు. వదిలేముందు పొట్ట కింద పొలుసు కొంచెం కత్తిరిస్తారు, విషం తీసిన పామునే వెంటనే మళ్లీ పట్టుకోకుండా గుర్తన్నమాట.

నాకు బాగా నచ్చింది ఎలుకల సంగతి. ఇరుల వాళ్లు పొలాల్లో ఎలుకలు కూడా పడతారు, కలుగు తవ్వితే పందికొక్కు దాచుకున్న వరికంకులు కూడా దొరుకుతాయి. పిల్లి గానీ గుడ్లగూబ గానీ కలుగు బయటే కాపు కాయాలి, పాము మాత్రం నేరుగా లోపలికి దూరి పిల్లల్ని కూడా తినేస్తుంది. ఎలుకలేమో మూడు వారాల్లోనే పిల్లల్ని పెడతాయి, మందు పెడితే ఒకసారి తిని జబ్బుపడి బతికింది మళ్లీ ఆ ఎర ముట్టదు, అందుకే కలుగులోకి వెళ్లి తినే ప్రాణి పొలానికి ఎంత అవసరమో అక్కడ బాగా అర్థమైంది. జెర్రిపోతుకైతే విషమే లేదు, పగలంతా ఎలుకల వెంటే తిరుగుతుంది, దాన్ని కూడా నాగుపామనుకుని కొట్టేస్తుంటే కడుపు తరుక్కుపోతుంది నాకు.

వీళ్ల తెగకే చెందిన వడివేల్ గోపాల్, మాసి సడయన్‌లని 2017లో ఫ్లోరిడాకి కొండచిలువలు పట్టడానికి పిలిపించుకున్నారు, అక్కడ వదిలేసిన బర్మీస్ కొండచిలువలు పెరిగిపోయి అడవిలో చిన్న జంతువుల్ని ఖాళీ చేసేస్తున్నాయి కదా. 2023లో ఇద్దరికీ పద్మశ్రీ వచ్చింది.

మీరు వెళ్తే విషం తీసి చూపించే టైం గేటు దగ్గరే కనుక్కోండి, మొసళ్ల దగ్గరికి తర్వాతైనా వెళ్లొచ్చు. పిల్లల్ని తప్పకుండా తీసుకెళ్లండి, వాళ్లు అడిగే ప్రశ్నలకి అక్కడివాళ్లు ఓపిగ్గా చెప్తారు.