బార్సిలోనాలో శుక్రవారం లెక్క వేరు

బార్సిలోనాలో రాత్రి పదింటికి భోజనం, పన్నెండయ్యాక బార్. రెండైతే గానీ క్లబ్బు నిండదు. చిక్కంతా అక్కడే: శుక్రవారం రాత్రి మెట్రో 2కి ఆగితే మళ్లీ 5కే. శనివారం తెల్లవార్లూ నడుస్తుంది, ఆది నుంచి గురువారం దాకా 12కే బంద్. ఒక్క రాత్రే తిరగాలంటే శనివారమే పెట్టుకోండి.

మెట్రో లేనప్పుడు రాత్రిపూట తిరిగే సిటీ బస్సు, నిట్‌బస్సే దిక్కు. నంబరు ముందు ‘ఎన్’ ఉంటుంది, చాలా రూట్లు ఊరి నడిబొడ్డున ఉన్న ప్లాసా కాటలూన్యా కూడలి మీదుగానే. స్టాపులో ఫోన్ చూస్తూ నిలబడితే ఆగకుండా పోవచ్చు, చెయ్యెత్తండి. పది ట్రిప్పుల టీ-కాజువల్ కార్డు ఇందులోనూ చెల్లుతుంది. మెట్రో దిగి 75 నిమిషాల్లోపు ఎక్కితే రెండో ట్రిప్పు కోసెయ్యదు, కానీ కార్డు మళ్లీ మెషీన్‌కి చూపాల్సిందే. విమానాశ్రయం టెర్మినల్ 1కి ఎన్17 బస్సు ఉంది, అదే కార్డు ఎయిర్‌పోర్టు మెట్రో స్టేషన్లలో మాత్రం పనిచెయ్యదు (ఇదేం న్యాయమో!).